చెరకు తోటలో పాటన్: ఒక డయోరమాకు సన్నివేశం ఎలా దొరికింది

ఒక సన్నివేశాన్ని చిన్న నమూనాలతో కట్టి చూపించేదే డయోరమా. నాది ఎం47 పాటన్ ట్యాంకు మోడల్, 1/35 స్కేలు, అంటే అసలు సైజులో 35వ వంతు. 36×28 సెంటీమీటర్ల బేస్. ఒకే ఒక్క మనిషి బొమ్మ. దాదాపు 500 చెరకు గడలు. మొత్తం పూర్తవడానికి 14 నెలలు పట్టింది. అందులో ట్యాంకును అతికించి రంగు వేయడానికి పట్టింది ఆరు వారాలే. మొదటి ఐదు నెలలైతే కత్తి, జిగురు ముట్టుకోనే లేదు. ఏ సన్నివేశం చెయ్యాలో తేలక వెతుకుతూ ఉన్నాను. ఈ పని చూసినవాళ్లు నన్ను ఎక్కువగా అడిగేది ఆ ఐదు నెలల గురించే, ఐడియా ఎక్కణ్నుంచి వచ్చిందని. అందుకే ఇక్కడ రంగుల సంగతి తక్కువ చెప్పి, ఆ వెతుకులాట గురించి ఎక్కువ రాస్తున్నాను.

అందరికీ ముందు తట్టే సన్నివేశం

యుద్ధం ఏదో నాకు మొదటి నుంచీ తెలుసు. 1965 సెప్టెంబరు 8 నుంచి 10 వరకు పంజాబ్‌లో ఖేమ్‌కరణ్ దగ్గర, అసల్ ఉత్తర్ ఊరి చుట్టూ జరిగిన ట్యాంకుల యుద్ధం. పాకిస్తాన్ తన 1వ ఆర్మర్డ్ డివిజన్‌ను, అమెరికా ఇచ్చిన పాటన్ ట్యాంకులతో అక్కడికి దించింది. వెనక్కి తగ్గిన మన 4వ మౌంటెన్ డివిజన్ అసల్ ఉత్తర్ దగ్గర గుర్రపు నాడా ఆకారంలో కాపు కాసింది. పొలాలకు నీళ్లు వదిలారు. సెంచూరియన్, షెర్మన్ ట్యాంకులను పైరులో దాచి, పాటన్లు బాగా దగ్గరికి వచ్చేదాకా కాల్చకుండా ఆగారు. బురదలో వేగం పోయిన పాటన్లు ఒక్కొక్కటే దొరికిపోయాయి. భారత సైన్యం లెక్క ప్రకారం పాకిస్తాన్ అక్కడ కోల్పోయిన ట్యాంకులు 97. వాటిని భిఖీవిండ్ దగ్గర వరుసగా నిలబెడితే ఆ చోటుకు పాటన్ నగర్ అని పేరొచ్చింది.

ఈ యుద్ధం పేరు చెబితే అందరికీ ముందు గుర్తొచ్చేది అబ్దుల్ హమీద్. 4 గ్రెనేడియర్స్ బెటాలియన్‌కు చెందిన కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్. జీపు మీద బిగించిన 106 మిల్లీమీటర్ల రీకాయిల్‌లెస్ గన్‌తో పైరు చాటు నుంచి పాటన్లను కొట్టి, చోటు మార్చి, మళ్లీ కొట్టి, సెప్టెంబరు 10న అక్కడే ప్రాణం వదిలిన వీరుడు. మరణానంతరం పరమ వీర చక్ర ఇచ్చారు. నేను కూడా మొదట ఆ జీపే చేద్దామనుకున్నాను. స్కెచ్ వేశాను. జీపు, గన్, గురిచూస్తున్న మనిషి, దూరంగా మండుతున్న ట్యాంకు. వేసి పక్కన పెట్టి, వారం తర్వాత చూస్తే అది స్మారకాల మీద, పోస్టర్ల మీద, పాఠ్యపుస్తకాల్లో ఎప్పటి నుంచో ఉన్న బొమ్మే. ఆ మనిషి మీద నాకు గౌరవం తక్కువై కాదు, ఆ క్షణం గురించి అదనంగా చెప్పడానికి నా దగ్గర ఏమీ లేదు. అలాంటప్పుడు ఎంత నీట్‌గా చేసినా అది పోస్టర్‌కు ప్లాస్టిక్ నకలే అవుతుంది.

రెండో ఆలోచన మా దగ్గరి పేరుతో ముడిపడినది. ఆ యుద్ధంలో షెర్మన్ ట్యాంకులతో పోరాడిన రెజిమెంట్లలో డెక్కన్ హార్స్ ఒకటి. నిజాం కాలపు గుర్రపు దళాల్లో, హైదరాబాద్ కాంటింజెంట్‌లో దాని మూలాలున్నాయి. అసల్ ఉత్తర్‌లో దాన్ని నడిపిన లెఫ్టినెంట్ కర్నల్ అరుణ్ వైద్యకు మహావీర చక్ర వచ్చింది. తర్వాత ఆయన సైన్యాధిపతి కూడా అయ్యారు. డెక్కన్ హార్స్ షెర్మన్ చెరకులో దాక్కుని ఎదురుచూస్తున్న దృశ్యం నా మనసుకు బాగా పట్టింది. కాల్పులు లేవు, పొగ లేదు, ఊపిరి బిగబట్టిన నలుగురైదుగురు మనుషులు మాత్రమే. రెండు నెలలు దీని మీదే ఉన్నాను. దాన్ని వదిలేలా చేసింది ఒక చిన్న లెక్క.

స్కేలు లెక్క

1/35 అనేది ఏదో శాస్త్రం ప్రకారం పెట్టిన స్కేలు కాదు. 1960ల మొదట్లో జపాన్ మోడల్ కంపెనీ టామియా వాళ్లు మోటారుతో నడిచే పాంథర్ ట్యాంకు మోడల్ చేసినప్పుడు లోపల బ్యాటరీలు పట్టాలి కదా, ఆ సైజుకు చేసింది కొలిచి చూస్తే దాదాపు 1/35 వచ్చింది. అదే స్థిరపడిపోయింది. ఇప్పుడు మిలిటరీ మోడలర్లు ఎక్కువమంది చేసేది ఈ స్కేలులోనే. నాకు దీనిలో నచ్చేది ఏమిటంటే, మనిషి అయిదు సెంటీమీటర్ల లోపు వస్తాడు, మొహంలో భావం చూపించవచ్చు, అయినా చుట్టూ పొలం పెట్టుకోవడానికి టేబుల్ మీద చోటు మిగులుతుంది.

ఏ స్కెచ్ నచ్చినా నేను ముందు అందులో ఉన్నవన్నీ 35తో భాగిస్తాను. సెంచూరియన్ ఎత్తు దాదాపు 3 మీటర్లు, అంటే 8.6 సెంటీమీటర్లు. షెర్మన్ ఇంకా కాస్త తక్కువే. సెప్టెంబరు చెరకు ఆకులతో కలిపి 3 మీటర్ల దాకా ఉందనుకుంటే అదీ 8.6 సెంటీమీటర్లే. రెండంకెలు పక్కపక్కన రాసుకుని చాలాసేపు చూశాను. ట్యాంకు, చెరకు ఒకే ఎత్తు! ఆ మాటుకాపు ఎందుకు పనిచేసిందో ఎన్నో వ్యాసాలు చదివినా నాకు ఇంత సూటిగా అర్థం కాలేదు. చెరకులోకి వెళ్లిన ట్యాంకు నేల మీద ఉన్నవాడికి లేనట్టే లెక్క. ట్యాంకు లోపల ఉన్నవాడికి కూడా ఎదుట ఆకులు తప్ప ఏమీ కనపడదు.

దాంతో నా షెర్మన్ పోయింది. నిజాయితీగా దాచితే అది ప్రేక్షకుడికీ కనపడదు. కనపడేలా చెరకు కోసేస్తే అది దాక్కున్నట్టు ఉండదు. అయితే ఆ లెక్కే నాకు అసలు సంగతి కూడా చెప్పింది: ఈ కథలో ముఖ్య పాత్ర ట్యాంకు కాదు, పొలం. ఆ రోజు నుంచి పాత ఫోటోలు చూసే పద్ధతి మార్చాను. ఫోటో మధ్యలో ఎప్పుడూ ట్యాంకే ఉంటుంది. నేను దాన్ని చేత్తో మూసి, మూలలు చూడడం మొదలుపెట్టాను. నేల తడిగా ఉందా, పైరు ఎటు ఒరిగింది, గట్టు ఎక్కడ తెగింది, మనుషులు దేని మీద నిలబడ్డారు. కొత్తగా డయోరమాలు చేసేవాళ్లకు నేను గట్టిగా చెప్పగలిగేది ఏదైనా ఉంటే ఇదే. వాహనం కిట్ డబ్బాలో దొరుకుతుంది, సన్నివేశం మాత్రం ఫోటో అంచుల్లో ఉంటుంది.

అదే నెలలో అహ్మద్‌నగర్‌లోని కావలరీ ట్యాంక్ మ్యూజియం చూసి వచ్చాను. పట్టుబడ్డ పాటన్ పక్కన నిలబడి, టరెట్ (గన్ ఉండే తిరిగే పైభాగం) వైపు తలెత్తి చూసినప్పుడు 46 టన్నులు అన్న అంకె మొదటిసారి ఒంటికి తెలిసింది. ఇంత బరువు తడి పొలంలో దిగబడితే ఏమవుతుందో పొలంలో పెరిగినవాడికి చెప్పనక్కర్లేదు. మా దగ్గర వానాకాలంలో ట్రాక్టరు దిగబడితేనే సగం ఊరు చేరుతుంది.

చిన్నాయన అడిగిన ప్రశ్న

మాది బోధన్ వైపు. నిజాం షుగర్ ఫ్యాక్టరీ నడిచిన రోజుల్లో చెరకు బండ్లు బారులు తీరి నిలబడడం చూస్తూ పెరిగినవాణ్ని. పంజాబ్ యుద్ధం చేయడానికి పంజాబ్ ఫోటోలే చూస్తున్నాను తప్ప మా ఊరి చెరకు వైపు చూడాలని నాలుగు నెలల దాకా తట్టలేదు. పండక్కి ఊరికి వెళ్లినప్పుడు, ఆకులు దగ్గరగా చూద్దామని చిన్నాయనతో పొలానికి పోయాను. గట్టు మీద కూర్చుని ఆయనకు ఈ యుద్ధమంతా చెప్పాను. కాలువ నీళ్లు వదలడం, ట్యాంకులు దిగబడడం, లోపలివాళ్లు దిగి చెరకులోకి పారిపోవడం. అంతా విని ఆయన అడిగింది ఒక్కటే.

"గా పొలం ఎవ్వనిదిరా?"

నాకు జవాబు లేదు. ఏ వ్యాసంలోనూ ఆ సంగతి కనపడలేదు, నేనూ ఎప్పుడూ అడగలేదు.

"నీ పొలంల గిట్ల ట్యాంకు ఇరుక్కుంటే ఏం జేస్తవ్ చిన్నాయినా?" అని అడిగాను.

"ముందుగాల నీళ్లు తీస్త. ట్యాంకుకేమైతది, సర్కారోళ్లు తీస్కపోతరు. నీళ్లు నిలిస్తె చెరుకు కుళ్లిపోతది."

అని, పార తీసుకుని మడవ దగ్గరికి పోయి గట్టు తెంపి చూపించాడు. ఎడమ కాలు ముందుకు, నడుము వంగి, చూపు నీటి మీద. పక్కన ఏమున్నా ఆ చూపు అటు తిరగదు. అదే నా డయోరమా అని అక్కడే తెలిసిపోయింది. చెరకు మధ్యలో ఖాళీ పాటన్. హాచ్‌లు (పైమూతలు) తెరిచి ఉన్నాయి. దానికి వీపు తిప్పి ఒక రైతు గట్టుకు గండి కొడుతున్నాడు.

చిన్నాయనను అదే భంగిమలో నాలుగు వైపుల నుంచి ఫోటోలు తీసుకున్నాను. బొమ్మ చేయడానికి అవే ఆధారం.

ఇది ఫోటోలో ఉన్న ఘటన కాదు, నా ఊహ. సెప్టెంబరు 23న కాల్పుల విరమణ అమల్లోకి వచ్చింది. ఆ తర్వాత పొలానికి తిరిగొచ్చిన ఎవరో ఒక రైతు అనుకున్నాను. యుద్ధ డయోరమాల్లో ఊహ తప్పు కాదు, కానీ దాన్ని చరిత్రగా చూపించడం తప్పు. అందుకే బేస్ ముందు పెట్టిన పలక మీద ఊరు, సెప్టెంబరు చివరి వారం, సంవత్సరం కింద "ఊహాచిత్రం" అని రాశాను. ఒక స్నేహితుడు ఆ మాట బొమ్మ బలం తగ్గిస్తుందన్నాడు. నాకలా అనిపించలేదు. చూసేవాళ్లు ఆ పలక చదివాక రైతు వైపు మళ్లీ చూడడం నేను చాలాసార్లు గమనించాను.

చనిపోయినవాళ్లను చూపించకూడదని కూడా ముందే అనుకున్నాను. అవతలి సైనికుడైనా సరే. ట్యాంకు నుంచి చెరకులోకి పోయిన బూటు గుర్తులు మాత్రం పెట్టాను. పాకిస్తాన్ 4 కావలరీ రెజిమెంట్ కమాండింగ్ ఆఫీసర్‌తో సహా కొందరు అలా చెరకు తోటల్లోనే పట్టుబడ్డారు.

కిట్

ఇది త్వరగా చెప్పేస్తాను. అల్మారాలో ఉన్నది టామియా ఎం48ఎ3. అది వియత్నాం కాలపు డీజిల్ బండి. 1965లో ఖేమ్‌కరణ్‌కు వచ్చినవి అంతకు ముందు తరం పెట్రోలు ఇంజన్ పాటన్లు, వెనక డెక్ (ఇంజన్ మీది కప్పు) వేరుగా ఉంటుంది. దాన్ని మార్చి చెక్కడం కంటే, ఆ యుద్ధంలో ఉన్న ఇంకో రకం ఎం47 తీసుకోవడం తేలిక. ఇటలేరి కంపెనీ కిట్ తెప్పించాను. పాత అచ్చు, గ్యాపులకు పుట్టీ పట్టింది, అంతకు మించి ఇబ్బంది లేదు. అమెరికా సైన్యపు ముదురు ఆకుపచ్చ ఆలివ్ డ్రాబ్ వేసి, ఎండకు వెలిసినట్టు పైభాగాలు లేత చేసి, కిందంతా మట్టితో కప్పేశాను. చక్రాలు సగం దాకా మునిగి ఉంటాయి కాబట్టి సస్పెన్షన్‌కు పెట్టాల్సిన సమయమంతా చెరకుకు మిగిలింది.

500 చెరకు గడలు

బజారులో దొరికే రెడీమేడ్ లేజర్ కట్ మొక్కల్లో చెరకులా కనపడేది నాకు దొరకలేదు. ఉత్తరాది చెరకు మన దగ్గరిదానికంటే సన్నం. గడ రెండు, రెండున్నర సెంటీమీటర్ల లావు అనుకుంటే 1/35లో 0.6, 0.7 మిల్లీమీటర్లు. కొబ్బరి ఈనెలు ప్రయత్నించాను, మొదలు వైపు లావైపోతాయి. చివరికి ఇంట్లో ఊడ్చే గడ్డి చీపురులోని పక్క పుల్లలు సరిపోయాయి. కణుపుకు కణుపుకు మధ్య 3, 4 మిల్లీమీటర్లు వదిలి సన్నటి లేత గీత, దాని కింద ముదురు గీత. ఆకులకు బటర్ పేపరు. మీటరుకు పైన ఉండే ఆకు ఇక్కడ 3, 4 సెంటీమీటర్లు, వెడల్పు మిల్లీమీటరు చిల్లర. కాగితానికి ముందే రెండు వైపులా ఆకుపచ్చ వేసి, సూదితో మధ్య ఈనె గీసి, బ్లేడుతో కోసి, వేలి మీద వంచి అతికించాలి. ఒక గడకు ఆరేడు ఆకులు. కింది ఆకులు ఎండి వేలాడాలి, అవి లేకపోతే అది చెరకు కాదు, మొక్కజొన్న.

సాళ్ల మధ్య దూరం కూడా కొలిచే పెట్టాను. పొలంలో 90 సెంటీమీటర్లు, బేస్ మీద 2.6. గడలను దుబ్బులుగా నాటాను. ఇష్టమొచ్చినట్టు చల్లితే అడవి అవుతుంది. సాలు కనపడితేనే అది ఒక మనిషి వేసిన పంట అని చూసేవాడికి తెలుస్తుంది, దాన్ని ట్యాంకు అడ్డంగా తొక్కుకుంటూ వచ్చిందన్నది కూడా అప్పుడే తెలుస్తుంది. అందుకే ట్యాంకును సాళ్లకు సమాంతరంగా పెట్టలేదు, కొంచెం ఏటవాలుగా పెట్టాను. దాని వెనక 10 సెంటీమీటర్ల వెడల్పున పైరు నేలకు పడుకుని ఉంటుంది. గడలన్నీ ఒకే వైపు, ట్యాంకు వచ్చిన దిక్కుకు మొదళ్లు, పోతున్న దిక్కుకు మొనలు.

ఇక్కడే ఈ మొత్తం పనిలో నాకు అన్నిటికంటే విలువైన సంగతి దొరికింది. అక్కడి యుద్ధం 10న అయిపోయింది, నా రైతు వచ్చింది రెండు వారాల తర్వాత. ఆ మధ్య కాలాన్ని ఎలా చూపించాలి? తుప్పు పెడితే ఎక్కువవుతుంది, ధూళి పెడదామంటే బురదలో నిలవదు. గాలివానకు పడిన చెరకును మా పొలంలో ఎన్నోసార్లు చూశాను. విరగకుండా పడిన గడ అలాగే ఉండిపోదు, కొన్ని రోజుల్లో మొవ్వు వైపు పైకి వంగి మళ్లీ ఆకాశం వైపు లేస్తుంది. అందుకని పడుకున్న గడల్లో పూర్తిగా నలిగినవాటిని ఎండు గోధుమ రంగులో వదిలేసి, మిగతావాటి చివరి రెండు సెంటీమీటర్లను ఆవిరి పట్టి పైకి వంచాను. వాటికి లేత ఆకుపచ్చ మొవ్వు పెట్టాను. మోడలర్లు దాన్ని చూసి దాటిపోయారు. పొలం ఉన్నవాళ్లు మాత్రం దాని మీద వేలు పెట్టి "ఇది పడి పది రోజులైంది" అన్నారు. సెప్టెంబరు చివరి వారం అని నేను పలక మీద రాసింది వాళ్లు చెరకులో చదివారు.

మట్టి, నీళ్లు

మొదటి బేస్ పాడైంది. రెండు తప్పులు. మా ఊరి నల్లమట్టి జల్లించి, ఫెవికాల్ కలిపి వేశాను. ఎండాక చూస్తే అచ్చం మా పొలమే. కానీ ఖేమ్‌కరణ్ ఒండ్రు నేల, లేత గోధుమ బూడిద రంగు. నల్లరేగడి మీద నిలబడితే ఆ రైతు పంజాబ్ వాడు కాకుండా పోతాడు. చెరకు ఎదిగే తీరు మా ఊరి నుంచి తెచ్చుకోవచ్చు, మట్టి రంగు మాత్రం తెచ్చుకోకూడదు. సొంత అనుభవం నుంచి ప్రేరణ తీసుకునేవాళ్లు ఈ గీత దగ్గర బాగా జాగ్రత్తగా ఉండాలి.

రెండోది రెజిన్, పోశాక గట్టిపడే ద్రవం. సాళ్ల మధ్య నిలిచిన నీటికి పారదర్శకమైన రెజిన్ ఒకేసారి పోశాను. అది కాగితం ఆకుల్లోకి పాకి, అడుగు ఆకులన్నీ నూనెలో ముంచినట్టయ్యాయి. దాదాపు 60 గడలు పీకేయాల్సి వచ్చింది. ఆ రాత్రి చాలా టెన్షన్ పడ్డాను, బేస్ మొత్తం వదిలేద్దామనే అనుకున్నాను. మర్నాడు నిదానంగా ఆలోచిస్తే అసలు రెజిన్ అవసరమే లేదు. పొలంలో నిలిచిన బురద నీటిలో అడుగు కనపడదు. కొత్త బేస్‌లో నీళ్లున్న చోట మట్టిని నున్నగా చేసి, మట్టి రంగే కాస్త ముదురుగా వేసి, పైన మెరిసే వార్నిష్ మూడు పూతలు పూశాను. తడి అంచుల్లో సగం మెరుపుండే శాటిన్, ఎండిన చోట మెరుపు లేని మ్యాట్. ఆకాశం దానిలో మసకగా కనపడుతుంది. అంతకంటే నీళ్లు అక్కర్లేదు.

రైతు బొమ్మకు 1965 నాటి పంజాబీ వేషం ఏ కిట్‌లోనూ నాకు దొరకలేదు. ఒక సైనికుడి బొమ్మ మొండెం, కాళ్లు తీసుకుని, చిన్నాయన ఫోటోలు చూస్తూ కీళ్ల దగ్గర కోసి భంగిమ మార్చి, ఎపాక్సీ పుట్టీతో కుర్తా, మోకాళ్ల దాకా ఎగగట్టిన తెహమత్ (పంజాబీ లుంగీ), తలపాగా కట్టాను. తలపాగా నాలుగుసార్లు చేశాను. మొహం దాదాపు కనపడదు, వంగి ఉంటాడు. అయినా కళ్లు గీశాను. బేస్ స్థాయికి కళ్లు దించి చూసేవాళ్లకు అవి కనపడతాయి.

కళ్లు దించి చూడడం గురించి ఒక మాట. పైనుంచి చూస్తే ట్యాంకు వెంటనే కనపడుతుంది. కానీ బేస్‌ను ఛాతీ ఎత్తు స్టాండ్ మీద పెట్టాను. ముందు మూలలో గట్టు, రైతు, ఆ వెనక చెరకు గోడ. మొదటి చూపుకు అదొక పొలం మాత్రమే. ఆకుల మధ్య గన్ బ్యారెల్ కనపడ్డాక, పక్కకు నడిచి వెళ్తే తొక్కిన దారి గుండా ట్యాంకు బయటపడుతుంది.

అయిపోయాక చిన్నాయన హైదరాబాద్ వచ్చినప్పుడు చూపించాను. చాలాసేపు చుట్టూ తిరిగి చూశాడు. చెరకు బాగుందన్నాడు. తన భంగిమ గుర్తుపట్టి నవ్వాడు. తర్వాత గండి దగ్గర ఆగాడు.

"గిది మెరక దిక్కు గదరా. నీళ్లు పల్లానికి గద పోయేది."

బేస్ ఆ మూల నాలుగైదు మిల్లీమీటర్లు ఎత్తుగా ఉంది. నేను గమనించలేదు. ఆయన ఊరెళ్లాక గండి పూడ్చి, గట్టు వెంట 7 సెంటీమీటర్లు ఎడమకు జరిపి, రైతును అక్కడికి మార్చాను. పూడ్చిన చోట మట్టి రంగు ఇప్పటికీ కొంచెం లేతగా ఉంటుంది. అక్కడ గడ్డి అతికించి కప్పేయవచ్చు కానీ, కొత్తగా మట్టి వేసి కట్టిన గట్టు కూడా అలాగే ఉంటుందని వదిలేశాను.